లాక్ చేయని సీటు

ఆ మాట మాత్రం నేను రాయను పెద్దమ్మా. ‘నా కొడుకు తెలియక తప్పు చేసినాడు, దయచేసి క్షమించండి’ అని నువ్వు చెప్తావు, నేను రాయాల. పెన్ను పట్టుకొని అరగంటయింది, ‘గౌరవనీయులైన’ దగ్గరే ఆగిపోయినా. ఎవరు పెద్దమ్మా గౌరవనీయులు? మనిషిని తీసేసేటప్పుడు ‘ఆ రోజు నువ్వు ఎక్కడున్నావు నాయనా’ అని ఒక్క ముక్క అడగనోళ్ళా?

నువ్వు మిరపకాయల తొడిమలు తీసుకో. చెయ్యి ఆపొద్దు. నువ్వు ఆపితే నాకు మాట రాదు.

అయినా ఈ ఉపాయం ఎవరిది, చర్చి అయ్యగారిదా? ‘తల్లి పేరు మీద కాగితం పోతే కరుగుతారు’ అన్నాడా? ఆయన మంచోడే, కాదనను. కానీ హైదరాబాదులో ఆ ఆఫీసుకు తెలుగులో కాగితం పోతే, దాన్ని ఎవరు చదవాలో తేల్చుకునేలోపు గడువు దాటిపోతాది. తీసేసిన రోజు నుంచి ఇరవై ఒక్క రోజులే అప్పీలుకు. ఈరోజుకు ఇరవై. రేపు సాయంత్రం దాటితే కరుణన్న పేరు మీద ఆ మచ్చ అట్లనే ఉండిపోతాది. ఇంక ఏ కంపెనీవాడూ తీసుకోడు. పాత ఆఫీసుకు ఫోన్ చేసి అడుగుతారు, వీళ్ళు చెప్తారు, అంతటితో సరి.

ఇరవై రోజులుగా నువ్వు ఆయనతో మాట్లాడట్లేదంట కదా. దోర్నాలలో హోటల్ పనికి చేరి అక్కడి నుంచి ఫోన్ చేస్తే ఎత్తట్లేదంట. నాకెవరు చెప్తారు, మా అమ్మే చెప్పింది. మా అమ్మ చెవిన పడితే పాలెమంతా మైకులో వేసినట్టే, నీకు తెలియంది కాదు. ‘దొంగతనం చేసినోడితో నాకేం మాట’ అన్నావంట.

దొంగతనం అని ఎవరన్నారు?

సరే. ఏం జరిగిందో నీకు ఎవరూ సరిగా చెప్పలేదు. నేను చెప్తా. ‘కంప్యూటర్ సంగతులు నాకేం తెలుస్తాయి’ అనొద్దు. ఈ ఊర్లో అందరికంటే ముందు నీకే తెలియాల ఈ సంగతి.

మార్కాపురంలో పలకల గోడౌన్ పైన మా గది ఉంది కదా. నువ్వు చూసినావు. చూడలేదులే, మోకాలు నొప్పని కిందనే కూర్చున్నావు. అక్కడ ఐదుగురం పనిచేస్తాం. మేము చూసుకునే మిషన్లు మాత్రం అక్కడ ఉండవు. ఎక్కడో ఉంటాయి, నేను కూడా కళ్ళతో చూడలేదు. నూట ఎనభై మిషన్లు. అన్నీ కలిసి ఒకటే పని చేస్తాయి. ఆస్పత్రుల గుంపు ఒకటి ఉంది, దాని రక్తపరీక్షలు, స్కానింగులు, అన్ని ఊర్ల రిపోర్టులూ దాచిపెట్టడం, అడిగినప్పుడు వెతికి ఇయ్యడం. అన్నిటినీ కలిపి క్లస్టర్ అంటారు.

ఆ మిషన్ల లోపల మనుషులు లేరు. రిపోర్టులు మోసుకొచ్చేది ఒక ప్రోగ్రాం. దాచేది ఇంకొకటి. వెతికేది ఇంకొకటి. సర్వీసులంటాం వీటిని. ఇప్పుడు మోసుకొచ్చేది పోయి దాచేదాని తలుపు తట్టి, ‘నేనే, తియ్యి’ అన్నదనుకో. నిజంగా అదేనని ఎట్ల తెలియాల? దానికి గొంతు లేదు, మొగం లేదు. దగ్గు కూడా లేదు గుర్తుపట్టడానికి.

అందుకని మధ్యలో ఒక మిషన్‌ను పెడతారు. ప్రతి సర్వీసుకూ ఒక రహస్యం ఉంటాది, తాళం చెవి అనుకో. అది ఆ సర్వీసుకు, ఆ మధ్య మిషన్‌కు తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. తన చెవి తన దగ్గరుందని అక్కడ రుజువు చూపిస్తే ఒక టికెట్ ఇస్తాది. పది గంటలే పనిచేస్తాది ఆ టికెట్. అవతలి సర్వీసు టికెట్ చూసి తలుపు తీస్తాది. అక్కడ ఎవరూ ఎవరినీ నమ్మరు పెద్దమ్మా. అందరూ కలిసి ఆ ఒక్కదాన్నే నమ్ముతారు.

ఎక్కడో చూసినట్టు లేదూ?

మిరప కోతలకు పోయేటప్పుడు పాలెంలో ఇళ్ళ చెవులన్నీ నీ గోడ మేకుకే కదా తగిలించేది. ఏ చెవి ఏ ఇంటిదో నీకు తడిమితే తెలుస్తాది. యేసుదాసు మామ మిట్టమధ్యాహ్నం మందు వాసన కొట్టుకుంటా వచ్చి చెవి ఇమ్మంటే, ‘మీ ఆమె నాకు చెప్పి పోలా’ అని అరుగు మీద కూర్చోబెట్టినావు సాయంత్రం దాకా. ‘నా ఇంటికి నేనే పోకూడదా వదినా’ అని ఏడ్చినాడు. నువ్వు మజ్జిగ ఇచ్చినావు కానీ చెవి ఇయ్యలేదు.

ఆ మధ్య మిషన్ చేసేది కూడా అదే పని. మజ్జిగ ఇయ్యదు, అంతే తేడా. దానికి ఏ దేశమోళ్ళో మూడు తలల కుక్క పేరు పెట్టినారు. నిజంగా కుక్క పేరే. నేనైతే నీ పేరే పెట్టేదాన్ని, మగ్దలీనమ్మ అని.

నవ్వినావు. సరే, నవ్వు ఇప్పుడే.

దాంట్లో ముఖ్యమైన రూలు ఒకటే. ఎవరి చెవి వాళ్ళదే. ఒక ఇంటి చెవిని నాలుగు ఇళ్ళకు పంచకూడదు. మా దగ్గర జరిగింది అదే. మోసుకొచ్చే సర్వీసుది ఒక్క చెవి తీసి, కొత్తగా పెట్టిన నాలుగు సర్వీసులకూ కాపీ కొట్టినారు. పైగా ఎవరైనా చదువుకునేట్టు తెరిచి పెట్టినారు. ఆడిట్‌వాళ్ళు వచ్చి ఆ మధ్య మిషన్ రాసుకున్న చిట్టా చూస్తే, ఒకే పేరుగలది ఒకే నిమిషంలో నాలుగు చోట్ల నిలబడి టికెట్ అడిగింది. ఒకే మనిషి ఒకే నిమిషంలో తర్లుపాడులో, కంభంలో, గిద్దలూరులో, బేస్తవారిపేటలో బస్సు ఎక్కినట్టు. పట్టుకోరా మరి?

ఎవరైనా రిపోర్టులు ఎత్తుకపోయినారా అంటే, పోయిన గుర్తు లేదు. పోలేదని రుజువూ లేదు. దొంగతనం కాదది, తలుపు బార్లా తెరిచి పెట్టడం. అట్లని చిన్న తప్పు అని నేననను. ఎవరి కిడ్నీ ఎంత చెడిందో, ఏ పిల్ల కడుపుతో ఉందో, ఎవరికి ఏ జబ్బని ఇంట్లో కూడా చెప్పుకోలేదో, అవన్నీ ఉంటాయి ఆ రిపోర్టుల్లో. మనలాంటోళ్ళవే.

ఎందుకు చేసినారంటే, తొందర. కొత్త సర్వీసులు సోమవారం పొద్దున మొదలు కావాల. కొత్త చెవులు హైదరాబాదు నుంచి రావాల. అక్కడ ఆదిశేషు సార్ అని, సెక్యూరిటీకి పెద్ద, ఆయన సరే అంటేనే చెవులు పుడతాయి. ఆయన సెలవులో ఉన్నాడు. శుక్రవారం మధ్యాహ్నానికి కూడా చెవులు రాలేదు. ఉన్న చెవితో ఈ నాలుగు రోజులు నెట్టుకొద్దాం, మంగళవారం మార్చేద్దాం అనుకున్నారు.

అనుకున్నారు, చేసినారు అని ఊరికే అంటున్నా చూడు. ఎవరు అని అడగవేంది?

చిట్టాలో ఉన్నది కరుణన్న పేరే. అబద్ధం లేదు. ఆయన లాగిన్‌లోనే జరిగింది, ఆయన సీట్లోనే, ఆయన కంప్యూటర్‌లోనే. శుక్రవారం, ఆ నెల పదమూడు, మధ్యాహ్నం రెండూ నలభై.

ఆ శుక్రవారం రెండూ నలభైకి నీ కొడుకు ఎక్కడున్నాడు పెద్దమ్మా?

ఆలోచించు. తొందర లేదు.

మోకాలికి రెండో ఇంజెక్షన్. డాక్టర్ గది బయట బెంచీ. ‘ఫ్యాను తిరగట్లేదమ్మా’ అని అట్టముక్కతో నీకు విసురుతా కూర్చున్నాడు కదా. నువ్వే చెప్పినావు నాకు, ఆ పొద్దు సాయంత్రం, గోడౌన్ కింద.

చెయ్యి ఆగింది నీది. ఆగనీలే.

నేనే.

ఇంకోసారి చెప్పమనొద్దు.

పోయేటప్పుడు ‘రేచీ, కాస్త చూస్కో’ అని పోయినాడు. కుర్చీ ఖాళీ, స్క్రీను తెరిచే ఉంది. లేచి పోయేటప్పుడు లాక్ చేసి పోవాలని కంపెనీ రూలు, రెండు మీటలు నొక్కితే అయిపోతాది. మొదట్లో చేసేవాడు. మంచినీళ్ళకు లేచినా లాక్ చేసేవాడు. ఎవరు మాన్పించినారనుకున్నావు? నేనే. ‘ఏం అన్నా, మీ ఇంటి చెవి మా అమ్మ కొంగున, మా ఇంటి చెవి మీ అమ్మ మేకున. ఇక్కడ మాత్రం చెల్లెలి మొగం మీద తాళమా?’ అన్నా. గదంతా నవ్వింది. మాతో పనిచేసే డానీ గాడైతే ‘అన్నా, రేచల్ నీ టిఫిన్ డబ్బా తెరుస్తాదని భయమా’ అన్నాడు. అన్న సిగ్గుపడినాడు. ఆ రోజు నుంచి మానేసినాడు.

నూట ఎనభై మిషన్లకు ‘ఎవర్నీ నమ్మొద్దు, చుట్టమైనా సరే టికెట్ అడుగు’ అని నేర్పించే ఉద్యోగం నాది. ఆ మాటకు ఇప్పుడు నవ్వు కూడా రావట్లేదు నాకు.

నా లాగిన్‌కు ఆ చెవులు ముట్టుకునే అధికారం లేదు. మా గదిలో ఆయనకొక్కడికే ఇచ్చినారు. ఆయన సీట్లో కూర్చున్నా. ఆరు నిమిషాలు పట్టింది. నాలుగు సర్వీసులూ లేచి నిలబడినాయి. సోమవారం ఆస్పత్రోళ్ళు బాగుందన్నారు. మంగళవారం సరైన చెవులు కూడా వచ్చినాయి.

మార్చడం మర్చిపోయినా.

అంతే పెద్దమ్మా. దీంట్లో కుట్ర లేదు, పగ లేదు. ఏదైనా ఉంటే బాగుండు, చెప్పుకోవడానికి. ఉత్త మరుపు. అన్న తిరిగొచ్చి ‘ఫోన్లేమైనా వచ్చినాయా’ అని అడిగినాడు. ‘లేదన్నా’ అన్నా. నిజమే కదా, ఫోన్లు రాలేదు.

విచారణ వీడియోలో జరిగింది. అవతల ఆరుగురు, ఇవతల మా ఐదుగురం, ఎవరి కంప్యూటర్ ముందు వాళ్ళం. మొదటి గంట వాళ్ళ మాట ఒకటే. ‘ఇట్లాంటి చిన్న ఊర్లలో గది పెట్టడమే మా తప్పు, మూసేద్దాం.’ ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. నీకు తెలుసు కదా నా నోరు. కాలేజీలో పొద్దున అనుకూలంగా మాట్లాడి కప్పు తెచ్చినా, మధ్యాహ్నం అదే విషయం మీద వ్యతిరేకంగా మాట్లాడి ఇంకో కప్పు తెచ్చినా. రెండూ మా ఇంట్లో పప్పుల డబ్బాల పక్కన ఉన్నాయి చూడు.

అట్లనే మాట్లాడినా. ‘సార్, చిట్టాలో ఊరి పేరు ఉందా? గది పేరు ఉందా? ఒక్క లాగిన్ ఉంది. చిట్టాకు బంధువుల్లేరు సార్, ఊరు లేదు, కులం లేదు. అది ఉన్నది చెప్తాది, అబద్ధం చెప్పదు. ఒక్క లాగిన్ తప్పుకు ఐదుగురి బతుకులు మూస్తారా? హైదరాబాదులో ఇదే జరిగితే హైదరాబాదు మూస్తారా?’

 ఆదిశేషు సార్ తలూపినాడు. గెలిచినానని తెలిసిపోయింది. గెలిచినప్పుడు ఇక్కడ, గొంతు కింద ఒక చల్లదనం వస్తాది. అది వచ్చింది. ఆ తర్వాత తెలిసింది, ఏం మాట్లాడినానో.

‘కరుణాకరం, మీరేమైనా చెప్తారా’ అన్నాడు ఆయన.

మా రెండు సీట్లకూ మధ్య మూడడుగులు. అన్న మైకు తెరిచినాడు. స్క్రీను వైపు చూడలేదు, తల తిప్పి నా వైపు చూసినాడు. తారీకూ టైమూ వాళ్ళు అప్పటికే చదివి వినిపించినారు కదా, ఆ టైముకు తను ఎక్కడున్నాడో ఆయనకు తెలియదా? ఆ సీటు పక్కన ఎవరున్నారో తెలియదా? కోపం లేదు పెద్దమ్మా ఆ చూపులో. నేను మాట్లాడతానని చూసినాడు. నేనే కదా ఎప్పుడూ మాట్లాడేది.

నేను నీళ్ళ సీసా మూత తీసినా. తాగినా. మూత పెట్టినా.

‘ఏం లేదు సార్’ అన్నాడు.

పది నిమిషాల్లో ఆయన లాగిన్ పోయింది. సాయంత్రానికి కాగితం వచ్చింది. టిఫిన్ డబ్బా, చార్జరు, గోడ మీది బైబిలు వాక్యాల క్యాలెండరు సంచిలో పెట్టుకొని మెట్లు దిగినాడు. మా నాలుగు ఉద్యోగాలు నిలబడినాయి. నాకు ఏడుపు వస్తాదేమో అని ఇంటికొచ్చి కూర్చున్నా. రాలేదు. అన్నం పెట్టుకొని తిన్నా. అప్పటి నుంచీ ఇట్లనే ఉంది. పొద్దున లేస్తా, బస్సెక్కుతా, టికెట్లు సరిగా తిరుగుతున్నాయా చూస్తా, వస్తా. ఎవరో నా బదులు ఇవన్నీ చేస్తున్నట్టు ఉంటాది.

ఇప్పుడు తెలిసిందా ఆ మాట ఎందుకు రాయనన్నానో? ‘క్షమించండి’ అని పంపితే చేసినట్టు ఒప్పుకున్నట్టే. ఇప్పటిదాకా చిట్టా ఒక్కటే ఆయన మీద చెప్తాంది. నీ సంతకం కూడా చెప్పాలనా?

నేను ఊరికే కూర్చున్నాననుకోవద్దు. ఈ పొద్దున వాళ్ళకు రాసినా. ‘చేసింది కరుణాకరం కాదు, నేను’ అని, నా పేరుతో. పదకొండు నిమిషాల్లో జవాబు వచ్చింది. అంత తొందరగా వాళ్ళు దేనికీ రాయరు. ‘తోటి ఉద్యోగి పట్ల మీ అభిమానం మెచ్చుకోదగ్గది. కానీ విచారణలో మీరే చెప్పినట్టు, చిట్టా అబద్ధం చెప్పదు. మీ మాటకు ఆధారం ఏదీ జతచేయలేదు.’ కింద ఇంకొక ముక్క. ఇకనుంచి మా గదిలో చెవుల పని నన్ను చూసుకోమన్నారు.

చూడు, నా మాటే నాకు జవాబు.

అయ్యో అనొద్దు. నువ్వు అయ్యో అనేలోపు ఇంకొకటి చెప్పాల.

ఆధారం లేదన్నారు కదా. ఉంది. నీ ఇంజెక్షన్ చీటీ. దాని మీద తారీకు, టైము, తోడు వచ్చినోళ్ళ పేరు, అన్నీ అచ్చుపడి ఉంటాయి. తోడు వచ్చినవాడు కరుణాకరం, కొడుకు. ఆస్పత్రిలో కెమెరా కూడా ఉంది. అది జతచేసి ఉంటే వాళ్ళు మళ్ళీ మొదటి నుంచి చూడాల్సిందే, తప్పదు. అన్న బయటపడతాడు, నా సీటు పోతాది.

ఆ చీటీ సంగతి నేను రాయలేదు.

ఇది మరుపు కాదు. మెయిల్ రాసేటప్పుడు గుర్తుంది. రెండుసార్లు గుర్తొచ్చింది. ఏ మాట ఎట్ల చెప్తే నమ్ముతారో తెలిసినదానికి, ఎట్ల చెప్తే నమ్మరో కూడా తెలుస్తాది పెద్దమ్మా. పొద్దున నేను రాసింది అట్లాంటిది. నిజమే రాసినా. ఓడిపోయేట్టు రాసినా.

ఎక్కడికి లేస్తాండావు? మోకాలు జాగ్రత్త. పెట్టె అడుగునా? బైబిలు సంచిలో ఉంటాది చూడు, మందుల చీటీలన్నీ దాంట్లోనే కదా పెడతావు. నేను తీస్తా ఉండు.

వద్దులే. నువ్వే తియ్యి.

అదే. దాని మీద నీలం ముద్ర ఉంది చూడు, అదే. నాకు చూపించొద్దు. నా చేతికి ఇయ్యొద్దు పెద్దమ్మా, ఇస్తే ఏం చేస్తానో నాకు తెలియదు. డానీ చర్చి కాడ ఉంటాడు ఈ టైముకు. వాడికియ్యి. ‘ఇది ఫోటో తీసి జతచేసి కరుణన్న పేరు మీద అప్పీలు పంపు’ అను, వాడికి ఆ మాట చాలు. ఈరోజే. రేపటి దాకా పెట్టుకోవద్దు, నేను రాత్రికి వచ్చి నిన్ను మాటలతో తిప్పేస్తా. తిప్పగలను.

ఏంది?

ఆయనకు తెలిసి కూడా నీకెందుకు చెప్పలేదంటావా? ఇరవై రోజులు కన్నతల్లితో దొంగ అనిపించుకుంటా ఎందుకు ఊరుకున్నాడనా?

నేను చెప్పొద్దన్నా కాబట్టి.

ఆయన ఉద్యోగం పోయిన మొదటి ఆదివారమే దోర్నాల పోయినా. ఆ హోటల్లో కౌంటర్ కాడ టోకెన్లు ఇస్తా కూర్చున్నాడు, శ్రీశైలం పోయేవాళ్ళు తోసుకుంటా ఉన్నారు. జనం తగ్గిందాకా నిలబడి, ‘అన్నా, పెద్దమ్మకు మాత్రం చెప్పొద్దు, రోజూ ఆ గుమ్మం ముందు నుంచే పోవాల నేను’ అన్నా. ‘సరే రేచీ’ అన్నాడు. అంతకుమించి ఒక్క మాట లేదు. ‘తిన్నావా’ అని అడిగి, ఒక టోకెన్ చేతిలో పెట్టినాడు.

తిన్నా పెద్దమ్మా. చట్నీ కూడా రెండోసారి వేయించుకున్నా.